సంకేతం అర్థం కానప్పుడు ఆగడమే మేలు

బల్ల మీద పరిచిన పట్టాలపై ఒక బొమ్మ రైలింజన్ నిలిచి ఉంది. ఎవరూ థ్రాటిల్ ముట్టుకోలేదు. పవర్ స్విచ్ వేయగానే అది ఒక్కసారిగా పూర్తి వేగంతో దూసుకుపోయింది. డిజిటల్ పద్ధతిలో మోడల్ రైళ్లు నడిపే చాలామందికి ఇది కొత్త కాదు. పట్టాలు మురికిపట్టాయని ఒకరు, లోపలి చిప్ పాడైందని మరొకరు అంటారు. చాలాసార్లు ఈ రెండూ కారణం కాదు. ఇంజన్ తనకు నేర్పిన పనే చేసింది. లోపం ఉన్నది నేర్పిన పద్ధతిలోనే.

పాత మోడల్ రైళ్లలో పట్టాల మీది డీసీ వోల్టేజీయే వేగాన్ని నిర్ణయించేది. వోల్టేజీ పెంచితే ఆ పట్టాల మీదున్న ఇంజన్లన్నీ కదిలేవి. జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ 1980ల చివర్లో రూపొందించిన డీసీసీ పద్ధతి దీన్ని మార్చింది. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో దాన్ని ప్రమాణంగా స్వీకరించింది. ఇందులో పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది. దాని ధ్రువత్వం మాత్రం సెకనుకు వేలసార్లు తారుమారవుతుంది. 58 మైక్రోసెకన్లకోసారి మారితే అది ‘1’, 100 మైక్రోసెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే ‘0’. ఇంజన్‌లోని డీకోడర్ ఈ అంకెలను చదివి, తన చిరునామాతో వచ్చిన ఆదేశాన్నే పాటిస్తుంది.

ప్రతి ఆదేశం చివర ఒక తనిఖీ బైట్ ఉంటుంది. దారిలో ఒక్క బిట్ చెడినా లెక్క కుదరదు, డీకోడర్ ఆ ఆదేశాన్ని పక్కన పడేస్తుంది. కాబట్టి చెడిపోయిన ఆదేశం వల్ల ఇంజన్ కదలడం అరుదు. మురికి పట్టాల మీద ఇంజన్ ఆగుతుంది, తడబడుతుంది. తనంతట తాను బయలుదేరిందంటే ముందు అనుమానించాల్సింది సెట్టింగులనే. కొత్త డీకోడర్లన్నీ సాధారణంగా 3వ చిరునామాతో వస్తాయి. దాన్ని మార్చకుండా రెండు ఇంజన్లను పట్టాలెక్కిస్తే ఒకరిని పిలిస్తే ఇద్దరూ పలికినట్టే.

పూర్తి వేగంతో పరుగుకు కారణం మరొకటి. పాత డీసీ పట్టాల మీద కూడా నడిచేలా చాలా డీకోడర్లలో ఒక వెసులుబాటు పెడతారు. పవర్ వచ్చిన క్షణంలోనో, షార్ట్ సర్క్యూట్ తర్వాతో డిజిటల్ సంకేతం సరిగా అందకపోతే, ‘ఇది పాత పద్ధతి పట్టా’ అని డీకోడర్ అనుకుంటుంది. పట్టా మీద పూర్తి వోల్టేజీ ఉంది కాబట్టి పూర్తి వేగమే కోరుతున్నారని భావించి పరుగు తీస్తుంది. మందు చిన్నదే. సీవీ29 అనే సెట్టింగ్ విలువలోంచి 4 తీసేయాలి. 6 ఉంటే 2 అవుతుంది, 38 ఉంటే 34.

ఆ వెసులుబాటు వెనుక ఉద్దేశం మంచిదే. కొత్త ఇంజన్ కొన్నవారు పాత పట్టాలు పారేయనక్కర్లేదు. కానీ సౌకర్యం కోసం పెట్టిన ఈ ఏర్పాటు నిశ్శబ్దానికి ‘పరుగెత్తు’ అనే అర్థం ఇచ్చింది. దాన్ని ముందే ఆపి ఉంచి, కావాలనుకున్నవారే ఆన్ చేసుకునేలా ఇవ్వడం సరైన పద్ధతి.

అసలు రైల్వేలు ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నాయి. 1872లో విలియం రాబిన్సన్ రూపొందించిన ట్రాక్ సర్క్యూట్‌లో పట్టాల గుండా కరెంటు పారుతున్నంతసేపే దారి ఖాళీ అని అర్థం. తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా, పట్టా విరిగినా సిగ్నల్ ఎరుపులోకి వెళ్తుంది. కోల్‌కతాలో హుగ్లీ నది కిందుగా సాగే మెట్రోది రేడియో ఆధారిత నియంత్రణ. అలాంటి వ్యవస్థల్లోనూ సూత్రం అదే: సంబంధం తెగితే ముందుకు వెళ్లే అనుమతి కూడా తెగుతుంది.

ఈ చర్చకు కోల్‌కతాతో ఇంకా పాత బంధం ఉంది. 1895 ప్రాంతంలో అక్కడి టౌన్‌హాల్‌లో జగదీశ్ చంద్ర బోస్ తీగ లేకుండా విద్యుదయస్కాంత తరంగాలతో దూరాన ఉన్న గంట మోగించి, తుపాకీ మందు పేల్చి చూపారు. ఆనాటి కోహెరర్ గ్రాహకాలు ఎక్కడ స్పార్క్ పుట్టినా స్పందించేవి. అది మనిషి పంపిన ఆదేశమా, ఆకాశంలో మెరుపా అన్నది వాటికి తెలియదు. చిరునామా, తనిఖీ బైట్ వచ్చాక ఆ తేడా తెలిసింది. తెలియనప్పుడు ఏం చేయాలన్నది మాత్రం నేటికీ యంత్రం తేల్చుకునేది కాదు, తయారుచేసే మనిషి ముందే తేల్చాల్సింది.

2024 ఫిబ్రవరి 25న జమ్మూలోని కథువాలో నిలిపిన గూడ్స్ రైలు డ్రైవర్ లేకుండానే వాలులో కదిలి, దాదాపు 70 కిలోమీటర్లు వెళ్లాక పంజాబ్‌లో ఆగింది. అక్కడ పనిచేసింది సంకేతం కాదు, గురుత్వాకర్షణ. కానీ ప్రశ్న ఒక్కటే: ఎవరూ పట్టించుకోని వేళ ఈ యంత్రం ఏ స్థితిలో ఉంటుంది?

నేడు బడి పిల్లలు అటల్ టింకరింగ్ ల్యాబుల్లో రిమోట్ కార్లు, రోబోలు తయారుచేస్తున్నారు. అవి ఎంత వేగంగా కదిలాయో చూసి మార్కులు వేయడం తేలిక. రిమోట్ బ్యాటరీ తీసేస్తే ఆగుతుందా అని కూడా పరీక్షించాలి. రేపు డ్రైవర్ లేని వాహనాలను రూపొందించేది వాళ్లే కావచ్చు. బొమ్మ ఇంజన్ బల్ల మీంచి పడితే నష్టం కొన్ని వేల రూపాయలే. ఆ పాఠం అంత చవకగా దొరికే చోటు ఇంకెక్కడా ఉండదు.