చదరంగమున గురుస్థానము

ఆట గెలిచినవానిని లోకము తలకెత్తుకొనును; వానికి తోడునిలిచి నేర్పినవానిని మఱచును. ఈ యన్యాయము విద్యలన్నిటను గలదు గాని, చదరంగమున మఱింత స్పష్టముగ గన్పట్టుచున్నది.

2024 డిసెంబరు 12వ తేదీని సింగపూరున చెన్నపురి యువకుడు దొమ్మరాజు గుకేశ్, చైనా దేశీయుడగు డింగ్ లిరెన్‌ను పదునాల్గవ యాటయందు గెలిచి, 7.5–6.5 పాయింట్లతో జగజ్జేత యయ్యెను. పదునెనిమిదేండ్ల యా వీరుని దేశమంతయు కొనియాడెను. అతనికి తెరవెనుక తోడ్పడినవారిలో మన గుంటూరువాడగు పెంటేల హరికృష్ణ యుండెనని పోటీ ముగిసిన పిమ్మటనే లోకమునకు తెలిసినది.

ఇట్టి సహాయకుని పని యేమి? ప్రత్యర్థి మునుపాడిన యాటలను శోధించుట, క్రొత్త యెత్తులను వెదకుట, వానిని కంప్యూటరు సాయమున పరీక్షించుట, పరులకు పొక్కనీయక తన యాటగాని కప్పగించుట. ఎత్తు ఫలించిన కీర్తి ఆడినవానిది. నిద్రలేని రాత్రులు సహాయకునివి.

హరికృష్ణ సామాన్యుడు కాడు. 2001లో, పదునైదేండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టరై, నాటికి భారతదేశమున నా బిరుదు నందినవారిలో నెల్ల పిన్నవాడయ్యెను. 2004లో కొచ్చిన్ నగరమున ప్రపంచ జూనియరు విజేత. 2011లో ఆసియా విజేత. 2016లో ప్రపంచపు మొదటి పదుగురిలో నొకడయ్యెను. 2024 సెప్టెంబరులో బుడాపెస్టు ఒలింపియాడున పురుషులును స్త్రీలును మనకు స్వర్ణములు తెచ్చిరి. ఆ రెండు జట్లలోను గుంటూరువారు చెఱొక రుండిరి: హరికృష్ణయు, ద్రోణవల్లి హారికయు. అంతటివాడు తనకన్న ఇరువదేండ్లు చిన్నవానికి పరిచర్య చేయుట తగ్గుట కాదు, గురుస్థానము నెక్కుట.

నూజెండ్ల మండలము 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా యేర్పడువఱకును గుంటూరు జిల్లాలోనిదే. కావున వీరు నూజెండ్ల బాలబాలికలకు పరాయివారు కారు. మూడు పులులను పదునైదు మేకలతో కట్టివేయు పులిజూదపు నేర్పు మన పల్లెలకు క్రొత్తయు గాదు. కొఱత బుద్ధికి గాదు, గురువునకు. కోనేరు అశోక్‌గారు ఉద్యోగము విడిచి కుమార్తెకు శిక్షకుడు కాగా, హంపి 2002లో గ్రాండ్‌మాస్టరయ్యెను. 2019లోను 2024లోను ప్రపంచ ర్యాపిడ్ విజేత్రి యయ్యెను. అట్టి తండ్రి దొరకని బిడ్డల గతి యేమి?

చేతిఫోనే జగజ్జేతను ఓడింపగలుగుచుండ గురువెందుకని కొంద రడుగుదురు. యంత్రము మంచి యెత్తేదో చెప్పును. పిల్లవాడు దాని నేల చూడలేకపోయెనో చెప్పదు. ఓడి కన్నీరు పెట్టుకొన్న బాలుని మరల బల్లయొద్ద కూర్చుండబెట్టుటయు దానికి చేతగాదు. చదరంగము కూడుపెట్టునా యని మఱికొంద రందురు. ప్రతిబాలుడును గ్రాండ్‌మాస్టరు కావలెనని మేము కోరుటలేదు. ఎదుటివాని యాలోచన గ్రహించి, తన యెత్తునకు తానే బాధ్యుడగుట నేర్చినవాడు ఏ వృత్తియందైనను రాణించును.

మైదానము వలదు, మేడ వలదు. బల్లలు కొన్ని, గురు వొక్కడు చాలును. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల యొక్కొక్కటియందు ఒక యుపాధ్యాయునికైనను ఈ విద్యలో శిక్షణ నిప్పించి, వారమునకు రెండు గంటలు కేటాయింపవలెను. మండలమున కొక శిక్షకుని నియమించి, మర్యాదగా బ్రతుకదగిన నెలజీత మీయవలెను. గెలిచినవారికి సన్మానములు చేయుడు, కాదనము. కాని సన్మానము గెలిచినవాని కొక్కనికే చెల్లును. గురువున కిచ్చిన జీతము ఇంకను ఆట తెలియని వేయిమంది బిడ్డలకు చెందును.