సంపాదకుని మాట: చిల్లీ కోరిన ఏకాంతము

జో బ్రమ్ అను రచయిత సృష్టింపగా, బ్రిస్బేన్ నగరమునందలి లూడో స్టూడియో రూపొందింపగా, 2018 అక్టోబరు నుండి ఆస్ట్రేలియాలో ప్రసారమగుచున్న ‘బ్లూయీ’ అను కార్టూను, ఏడేసి నిమిషముల చిన్న కథలలో ఒక కుక్కల సంసారమును చూపుచునే, పిల్లలను పెంచు విద్యలో పెద్దలకుగల తడబాటును ఎంతో ఆర్ద్రముగా పట్టుకొన్నది.

తండ్రి బాండిట్ ఆటలో దిగినచో వెనుకాడడు; ‘టేక్‌అవే’ అను కథలో, భోజనశాల ముంగిట పిల్లలు కొళాయి విప్పి, తెచ్చుకొన్న భోజనము నేలపాలై, ఓర్పు అడుగంటిన పిమ్మట, కసరుటకు మారుగా తానును ఆ నీటిలో ఆడుకొనును. అయినను మాకు అంతకంటె మిన్నగా తోచునది తల్లి చిల్లీ. ‘షీప్‌డాగ్’ కథలో ఆమె 20 నిమిషములపాటు తన దరికి ఎవ్వరును రావలదని కోరును. ఆ మాట విని కూతురు బ్లూయీకి బెంగ పట్టుకొనును. తల్లి అలసటను గాని, బిడ్డ బెంగను గాని తప్పుగా ఎంచకుండుటయే ఈ కథకుని గొప్పతనము. ‘బేబీ రేస్’లో, ఇరుగుపొరుగు బిడ్డ ముందుగా నడిచెనని క్రుంగిపోయిన ఆ తల్లినే, పలువురు బిడ్డలను పెంచిన మరియొక తల్లి వచ్చి ఓదార్చును. “మా వాడు అప్పుడే నడిచాడమ్మా” అను పలకరింపు మన గడపలలోను ఎందరు బాలింతలను నొప్పించుచున్నదో!

బాండిట్‌కుగల తీరిక ఎల్ల తండ్రులకును లేదను ఆక్షేపణ యథార్థమే. రాత్రి కొలువు ముగించి వచ్చు తండ్రికి బిడ్డ నిదురించు ముఖమే దక్కును. అట్టివారి లేఖలకు ఈ సంచికలో అగ్రస్థానమిచ్చితిమి.