అడవిలో అతిథులు

భోజనానికి కూర్చునే ముందు కాకికి ఒక ముద్ద పెట్టడం మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న ఆచారం. గృహస్థు నిత్యం ఆచరించవలసిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. తాను తినబోయే అన్నంలో పశుపక్ష్యాదులకూ భాగమున్నదని గుర్తించడమే దాని పరమార్థం. ఇంతటి ఉదాత్తమైన సంస్కారం కూడా ఒక్కొక్కచోట అపరాధం కాగలదని నేను యాభై ఎనిమిదో ఏట, స్వదేశానికి బహుదూరంలో తెలుసుకొన్నాను.

2024 జూన్‌లో అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి ఒక మోటారు హోమును అద్దెకు తీసుకొని, డెన్వరు నుండి మమ్మల్ని యెల్లోస్టోన్ జాతీయోద్యానవనానికి తీసుకొనివెళ్లాడు. పడకలు, పొయ్యి, నీళ్లతొట్టి, స్నానాలగది అన్నీ తనలోనే ఇముడ్చుకొన్న పెద్ద వాహనమది. మన పూర్వులు తీర్థయాత్రలకు కట్టుకొని వెళ్లిన గూడుబండికి మునిమనుమడు వంటిదనవచ్చు. 1872లో ఏర్పడిన యెల్లోస్టోన్ ప్రపంచంలో మొట్టమొదటి జాతీయోద్యానవనంగా ప్రసిద్ధి పొందింది. దాదాపు తొమ్మిది వేల చదరపు కిలోమీటర్ల ఆ ప్రదేశంలో కంచెలు లేవు, బోనులు లేవు. మృగాలు తమ ఇచ్చ వచ్చినట్లు తిరుగుతాయి, నియమాలన్నీ మనుషులకే.

మొదటినాటి సాయంత్రమే ఆ నియమాల రుచి తెలిసింది. మా శ్రీమతి అలవాటు చొప్పున పిడికెడు పులిహోరను బండి బయట ఒక మొద్దుమీద పెట్టింది. నల్లని పెద్ద కాకి ఒకటి వాలబోతుండగా అటుగా వస్తున్న అటవీ ఉద్యోగిని చూసి, ఎంతో మర్యాదగా దానిని తీసివేయమన్నది. అన్నమే కాదు, ఎంగిలి పళ్లేలు, నూనెసీసా కూడా బయట ఉండరాదట. అక్కడి కాకులు మనుషుల సంచుల జిప్పులు లాగి తిండి తీసుకోవడం నేర్చినవట. “కాకికి ముద్ద పెట్టినా తప్పేనా?” అని మా ఆవిడ ఆ రాత్రంతా నొచ్చుకొన్నది.

నిజానికి ఈ వివేకం ఆ దేశంవారికి పుట్టుకతో వచ్చినది కాదు. ఆ ఉద్యానవనంలోనే ఒకప్పుడు చెత్తకుప్పలవద్దకు ఎలుగుబంట్లు తిండికి చేరుతుంటే, జనం బల్లలమీద కూర్చొని ఆ వినోదాన్ని తిలకించేవారు. బాటల ప్రక్కన ఎలుగులు కార్లకు ఎదురువచ్చి యాచించేవి. 1931 నుండి 1969 వరకు ఏడాదికి సగటున 48 మంది ఎలుగుల వలన గాయపడ్డారు. తిండి పెట్టిన చేతినే కరిచిందన్న నింద మోసి ఎన్నో ఎలుగులు ప్రాణాలు కోల్పోయాయి. తోడేళ్లను సైతం 1926 నాటికి నిర్మూలించి, తమ పొరపాటును గ్రహించి, 1995, 1996 సంవత్సరాలలో 31 తోడేళ్లను కెనడా నుండి తెచ్చి విడిచిపెట్టారు.

మూడవనాడు తెల్లవారుజామున లామార్ లోయకు వెళ్లాము. బైసన్ అనే అడవిదున్నల మంద ఒకటి బాటకు అడ్డంగా నిలిచింది. తల్లుల వెంట నారింజవన్నె దూడలు గెంతుతున్నాయి. ముప్పావుగంట సేపు వాహనాలన్నీ కదలకుండా ఉన్నాయి. ఒక్కరైనా హారన్ మోగించలేదు. (మన ఊరి కూడలిలో ముప్పావు నిమిషమైనా ఇటువంటి నిశ్శబ్దాన్ని నేను ఎరుగను.) ఒక దూడ మా బండికి చేరువగా రాగా మా మనుమరాలు, “తాతయ్యా, ఒక్కసారి దిగి ముట్టుకొని వస్తాను” అన్నది. బైసన్‌కు ఇరవైఐదు గజాలు, ఎలుగుకూ తోడేలుకూ నూరు గజాలు ఎడముండాలని నియమం. కారణమేమిటని అడిగిన పాపకు మా అబ్బాయి ఆ లోయలోనే జరిగిన ఒక సంఘటన చెప్పాడు.

2023 మే 20న ఒక బైసన్ మంద లామార్ నదిని దాటుతుండగా ఒక దూడ తల్లినుండి విడిపోయి ఒడ్డున పెనుగులాడుతున్నది. ఒక సందర్శకుడు జాలిపడి దానిని నీటినుండి పైకి నెట్టాడు. మనిషి చేయి తగిలిన ఆ దూడను మంద మరల చేర్చుకోలేదు. అది కార్ల వెంట, మనుషుల వెంట తిరగసాగింది. అధికారులు పలుమార్లు ప్రయత్నించి విఫలులై, చివరకు దానిని చంపవలసివచ్చింది. అంతకుముందు 2016లో కూడా, దూడ చలికి వణుకుతున్నదని భ్రమించి కారులో ఎక్కించుకొన్నవారివలన మరొక దూడకు ఇదే గతి పట్టింది.

ఈ కథ వినగానే నాకు జడభరతుడు గుర్తుకు వచ్చాడు. ఆంధ్ర మహాభాగవతంలో బొప్పరాజు గంగన తెనిగించిన పంచమస్కంధంలోని వృత్తాంతమిది. సింహగర్జనకు బెదరి నిండుచూలాలైన లేడి నది మీదికి దుమికి ప్రాణం విడువగా, నీటిలో పడిన దాని పిల్లను భరతుడు చేరదీస్తాడు. ఆ మమకారంలో తపస్సును పోగొట్టుకొని మరుజన్మలో లేడియై పుడతాడు. ముప్పై ఏళ్లుగా నేను దీనిని మమకారబంధానికి దృష్టాంతంగానే బోధిస్తున్నాను. లామార్ ఒడ్డున అందులో మరొక విశేషం స్ఫురించింది. భరతుడు తాను చేరదీసిన ప్రాణిని విడిచిపోలేదు. దానికి పచ్చిక తెచ్చాడు, కనబడకపోతే తల్లడిల్లాడు, తన దయకు మూల్యం తానే చెల్లించాడు. లామార్‌లో దయ చూపినవాడు జరిమానా కట్టి ఇల్లు చేరాడు. మూల్యం చెల్లించినది దూడ. బాటసారి దయకూ ఆశ్రమవాసి దయకూ ఉన్న అంతరమిదే.

“పెంచుకోవచ్చు కదా, చంపడమెందుకు?” అన్నది మా శ్రీమతి. నా మనసులోనూ ఆ ప్రశ్నే మెదిలింది. కాని అక్కడి బైసన్‌లను బయటి సంరక్షణశాలలకు తరలించడానికి నిబంధనలు అనుమతించవు. కార్లకు ఎదురువెళ్లే పశువు రేపు తానూ చస్తుంది, మరొకరినీ చంపుతుంది. దాని కళేబరాన్ని కూడా అడవిలోనే విడిచారు, అక్కడి జీవులకు ఆహారమయ్యేందుకు. సమ్మతించడానికి నాకు రెండు రోజులు పట్టినా, అధికారుల నిర్ణయం సబబైనదేనని నా అభిప్రాయం. తప్పు అంతకుముందే, నది ఒడ్డున జరిగిపోయింది.

తిరిగివచ్చిన తరువాత కార్తికమాసంలో శ్రీశైలం వెళ్తూ నల్లమల దారిలో మళ్లీ అదే దృశ్యం చూశాను. ముందుపోతున్న కారు ఆగింది. అద్దంలోనుండి అరటిపండ్లు బయటకు పడ్డాయి. పిల్లను పొట్టకు కరిపించుకొన్న కోతి ఒకటి, అటునుండి దూసుకొనివస్తున్న బస్సును లెక్కచేయక బాట మధ్యకు ఉరికింది. బస్సు చక్రానికి జానెడు దూరంలో అది తప్పుకొన్నది. కారులోని పిల్లలు చప్పట్లు చరిచారు. వారిని మందలించే అర్హత నాకు లేదు. ఎన్నో ఏళ్లు ఆ దారినే నేనూ అరటిపండ్లు విసిరినవాడినే. మా శ్రీమతి ఒడిలోని పండ్లబుట్ట మూత మూసి, అద్దం పైకెత్తింది.