పాలపిట్ట నీలము ఎవరి కన్నులకు?

విజయదశమినాడు పాలపిట్ట కనబడినచో శుభమని తెలుగువారి నమ్మకము. పొలము గట్టున తీగపై కూర్చున్న ఆ పిట్ట ఱెక్క విప్పినంతనే పిల్లలు కేరింతలు కొట్టుదురు. ఆ నీలము నిజముగా ఱెక్కలో ఉన్నదా యని అడుగు బాలుడు మాత్రము అరుదు. అడుగునట్లు చేయవలసినవాడు ఉపాధ్యాయుడు.

ఆ ఈకలో నీలిమందు ఏదియు లేదు. మెత్తగా నూరినచో నీలము మాయమై గోధుమవన్నె పొడి మిగులును. ఈకయందలి కెరటిన్ పదార్థములో గాలి నిండిన సూక్ష్మరంధ్రములు కలవు. అవి వెలుతురులోని నీలిభాగమును వెనుకకు చెదరగొట్టును. చిలుక పచ్చదనమునకును మూలమిదియే. అందు ఇట్టి నీలమునకు పసుపువర్ణకము తోడగును.

ఇంతకంటె పెద్ద పొరపాటు మరియొకటి కలదు. మనుష్యుడు చూచిన రంగునే పక్షియు చూచునని తరగతిలో అందఱు అనుకొందురు. మన కంటిలో రంగుల నెఱుగు శంకుకణములు 3 రకములు. పగటిపక్షులలో అవి 4. నాలుగవది ఊదారంగును, అనేక జాతులలో మనకు గోచరింపని అతినీలలోహిత కాంతిని గ్రహించును. ఐరోపా తోటలలో తిరుగు 'బ్లూ టిట్' అను చిన్నపిట్టలలో ఆడమగలు ఇంచుమించు ఒక్కతీరుగా నుండునని చిరకాలము తలచిరి. 1998లో కాంతిని పరికరములతో కొలిచి చూడగా, మగపిట్ట తలపై నీలము అతినీలలోహితమున ఆడుపిట్ట నీలముకంటె మిక్కిలి ప్రకాశించుచున్నట్లు తేలినది. ఆ భేదము పిట్టలకు మొదటినుండియు తెలిసినదే.

పక్షులు ఈ నాలుగవ కణమును క్రొత్తగా సంపాదించినవి కావు. 40 కోట్ల సంవత్సరములకు పూర్వపు వెన్నెముకగల ప్రాణులకే ఆ నాలుగును ఉండెను. డైనోసార్ల కాలమున చీకటిమాటున బ్రతికిన మన క్షీరదపూర్వులు అందులో రెండింటిని పోగొట్టుకొనిరి. పిదప మన వానరపూర్వులలో ఒక జన్యువు రెండుగా మారి, మూడవ రకము ఏర్పడినది. పరిణామమనగా మనుష్యునివైపు ఎక్కు నిచ్చెన యని నేటికిని నల్లబల్లపై గీయువారు ఈ సంగతిని గమనింపవలెను. చూపు విషయమున మనము పోగొట్టుకొన్న ఆస్తిలో కొంత తిరిగి కూడబెట్టుకొన్నవారము మాత్రమే.

ఈకల రంగులును పాతవే. చైనాలో దొరకిన ఆంకియోర్నిస్ అను ఈకల డైనోసార్ శిలాజమునందలి వర్ణకణముల ఆకృతులను పరీక్షించి, దాని ఱెక్కలు నలుపు తెలుపులుగా నుండెనని 2010లో నిర్ణయించిరి. ఆ ప్రాణి జీవించినది సుమారు 16 కోట్ల సంవత్సరముల క్రిందట.

ఆడుపక్షి అభిరుచియే మగపక్షి సొగసునకు కారణమని డార్విన్ 1871లో వ్రాయగా, వాలెస్ అంగీకరింపలేదు. పక్షి కంటికి కనబడు రంగులను కొలుచు సాధనము ఆ ఇరువురిలో ఎవరికిని లేదు. నేటి ఉపాధ్యాయునికి ఆ జ్ఞానము అందుబాటులో నున్నది. కావున పరీక్షలో 'ఈ పక్షి రంగు ఏది?' అను ప్రశ్నకు, 'ఎవరు చూచినపుడు?' అని వ్రాసిన విద్యార్థికి మార్కులు తగ్గింపకుండుట న్యాయము.