మిగిలిపోయిన పాటలకూ మార్కులు పడ్డాయి

ఆల్బమ్ కోసం రాసుకుని, చివరికి అందులో చోటు దక్కని పాటలను ఏం చేస్తారు? చాలామంది మూటగట్టి అటకెక్కిస్తారు. అమెరికన్ ఇండీ గాయకుడు సుఫ్యాన్ స్టీవెన్స్ మాత్రం వాటన్నిటినీ ఏరి, 2006 జులైలో ‘ది అవలాంచ్’ పేరుతో విడిగా విడుదల చేశాడు. దానికి విమర్శకులు ఇచ్చిన తీర్పు, రెజ్యుమె దిద్దుకుంటున్న మన ఫైనలియర్ విద్యార్థులకు బాగా పనికొస్తుంది.

ముందు సంగతేంటో చూద్దాం. 2005లో స్టీవెన్స్ ‘ఇల్లినాయ్’ అనే ఆల్బమ్ చేశాడు. ఆ రాష్ట్రం ఊళ్లు, చరిత్ర, మనుషుల చుట్టూ అల్లిన 22 ట్రాకులవి. వెనక పెద్ద మ్యూజిక్ కంపెనీ లేదు. సవతి తండ్రితో కలిసి తనే పెట్టుకున్న ఆస్మాటిక్ కిట్టీ అనే చిన్న లేబుల్ ఉంది, అంతే. అయినా రివ్యూలన్నీ పోగేసి స్కోరు కట్టే మెటాక్రిటిక్‌లో ఆ ఏడాది అగ్రస్థానం దానిదే. నిజానికి దాన్ని రెండు భాగాల ఆల్బమ్‌గా తేవాలని మొదట్లో అనుకున్నారు. తర్వాత ఒకదానికి కుదించారు. అలా పక్కకు వెళ్లిన పాటలకు మెరుగులు పెట్టి, 21 ట్రాకులుగా కూర్చిందే ‘ది అవలాంచ్’. ఇవి మిగులు పాటలని కవర్ మీదే చెప్పేశాడు. పైగా సిగ్గు లేకుండా పోగేసింది తనేనని కూడా అక్కడే రాసుకున్నాడు!

మరి విమర్శకులు ఏమన్నారు? మొత్తమ్మీద మెచ్చుకున్నారు. ఈయన పక్కన పెట్టినవే ఇంత బాగున్నాయా అని ఆశ్చర్యపోయినవాళ్లు ఉన్నారు. కానీ ‘ఇల్లినాయ్’తో సమానమని అనలేదు. నిడివి ఎక్కువైందని, కొన్ని పాటలు వింటే వాటిని ఎందుకు వదిలేశారో తెలిసిపోతోందని చురకలూ వేశారు. ఒక్క ‘షికాగో’ పాటకే ఇందులో మూడు వెర్షన్లు ఉన్నాయి మరి.

ఈ తీర్పులో మనకు పనికొచ్చేవి మూడు సంగతులు.

ఒకటి, మిగులు పాటలను జనం విన్నది అసలు ఆల్బమ్ గెలిచింది కాబట్టి. ఆ వరస తిరగబడి ఉంటే 21 మిగులు పాటలను ఓపిగ్గా వినేవాళ్లు ఎందరు? మన రెజ్యుమెల్లో జరుగుతున్నది సరిగ్గా ఈ తిరగబడ్డ వరసే. రెండు రోజుల వర్క్‌షాపు, సగంలో ఆపేసిన ఆన్‌లైన్ కోర్సు, నలుగురు కలిసి చేసిన మినీ ప్రాజెక్టు, ఇంటర్‌లో వచ్చిన క్విజ్ సర్టిఫికెట్ అన్నీ ఒకే పేజీలో కుక్కేస్తున్నాం. ఒకే ప్రాజెక్టును పేరు మార్చి మూడుసార్లు చూపించేవాళ్లూ ఉన్నారు. స్టీవెన్స్ మూడు ‘షికాగో’లు పెడితే అభిమానులు సరదాగా విన్నారు. ఫ్రెషర్‌కు ఆ వెసులుబాటు ఉండదు. మొదటి పేజీ మీ ‘ఇల్లినాయ్’ కావాలి. మీరు పూర్తిగా చేసినవి, ఎక్కడ అడిగినా తడుముకోకుండా చెప్పగలిగినవి రెండు మూడు ఉంటే చాలు.

రెండు, మిగులును మిగులని చెప్పడంలో తప్పు లేదు. ముందే చెప్పాడు కాబట్టే విన్నవాళ్లు దాన్ని ఆ లెక్కలోనే తూచారు. పూర్తి కాని ప్రాజెక్టును పూర్తయిందని రాస్తే, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతాం. ‘ఇంతవరకు చేశాను, ఇక్కడ ఆగింది, కారణం ఇది’ అంటే అదే మంచి సంభాషణ అవుతుంది. ఏం వదిలేశారో, ఎందుకు వదిలేశారో చెప్పగలిగిన అభ్యర్థికి ఆలోచన ఉందని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది. అందుకే ఆగిపోయిన పనులను డిలీట్ చేయకండి. విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టండి. అడిగినప్పుడు తీయొచ్చు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పక్కన పెట్టిన పాటలన్నీ చెడ్డవి కావు. కొన్నింటికి చోటు చాలలేదు, కొన్ని నిజంగానే బలహీనం. విమర్శకులు రెండు రకాలనూ విడదీసి చూశారు. క్యాంపస్ డ్రైవ్‌లో షార్ట్‌లిస్టులో పేరు లేదని తెలిసిన రోజున మనం చేయలేనిది ఇదే. ‘నాకేమీ రాదు’ అని కుంగిపోతాం, లేదంటే ‘అంతా లక్కే’ అని దులిపేసుకుంటాం. రెండింటి వల్లా వచ్చే వారం డ్రైవ్‌కు ఒరిగేదేమీ లేదు.

దానికి బదులు కాగితం తీసుకుని రెండు వరసలు గీయండి. పోస్టులు తక్కువ, కటాఫ్ వేరు, అడిగిన బ్రాంచి మనది కాదు... ఇవి చోటు చాలని లెక్క. ఇక్కడ చేయాల్సింది ఇంకోచోట అప్లై చేయడమే. ఆప్టిట్యూడ్‌లో టైమ్ సరిపోలేదు, కోడింగ్‌లో లాజిక్ తట్టలేదు, గ్రూప్ డిస్కషన్‌లో నోరు పెగల్లేదు... ఇవి బలహీనత లెక్క. వీటికి సాధన కావాలి. రెండూ కలిపేసి ఏడిస్తే ఏదీ తీరదు.

స్టీవెన్స్ పాటలు ఏడాది ఆగి బయటికొచ్చాయి. వాటిలో బాగున్నవాటికి మెప్పు దక్కింది, బాగోలేనివాటికి చీవాట్లు పడ్డాయి. మీ వరసలో ఏది ఎక్కడుందో ముందు మీరే తేల్చుకోండి. వచ్చే డ్రైవ్‌కు ఏం చేయాలో అక్కడే తెలుస్తుంది.