వెల్డింగే కాదు, సుద్దముక్క కూడా కావాలి

హజీరా కర్మాగారాల్లో మనవాళ్లు కాంట్రాక్టు కూలీలు. వాళ్ల పిల్లలకు స్కిల్ కోర్సు అనగానే అందరూ చూపించేది వెల్డింగ్, ఫిట్టర్ పని. టీచరు కమ్మని చెప్పేవాళ్లే లేరు. కూలీ బిడ్డ చేతికి ఎప్పుడూ పనిముట్టేనా? సుద్దముక్క ఇవ్వరా?

"టీచరుకు కులమేమిటి, చదువు చెబితే చాలదా?" అని పెద్దలు మమ్మల్ని అడుగుతుంటారు. దీనికి 1882లోనే హంటర్ కమిషన్ ముందు మహాత్మా ఫూలే జవాబు చెప్పారు. ప్రాథమిక బడి టీచర్లు వీలైనంతవరకు సేద్యం చేసే కులాల నుంచే రావాలనీ, పిల్లలతో కలిసిపోయి వాళ్ల అవసరాలు ఎరిగేది వాళ్లేననీ అన్నారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మంగలి ఉపాలికి శాక్య రాజకుమారులు వందనం చేశారు. రాజగృహ సంగీతిలో వినయాన్ని వినిపించింది ఆ ఉపాలే.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు ఇంటి దగ్గరే, తక్కువ ఫీజుతో రెండేళ్లు చదువు చెబుతాయి. అక్కడి నుంచి యూనివర్సిటీకి మారి టీచరు కావచ్చు. నల్లజాతి, వలస కుటుంబాల పిల్లలకు అదొక దారి. మన యూజీసీ కూడా 2013లో కమ్యూనిటీ కాలేజీల పథకం తెచ్చింది. దాని చూపంతా పరిశ్రమల మీదే!

ఇక చట్టం సంగతి. ఒక రాష్ట్రపు ఎస్సీ, మరో రాష్ట్రానికి వలస వెళితే అక్కడ రిజర్వేషన్ అడగలేడని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే వలస వచ్చిన మాల, మాదిగల బిడ్డ సూరత్‌లో పెరిగినా టీచరు పోస్టుకు ఓపెన్‌లోనే పోటీ పడాలి. రైలెక్కితే రిజర్వేషన్ దిగిపోతుంది. అంటరానితనం మాత్రం టిక్కెట్టు లేకుండా వెంట వస్తుంది. అదే 1990లో బౌద్ధులకు ఎస్సీ హోదా దక్కింది. మతం మారినా నిలిచే హక్కు, రాష్ట్రం మారితే పోవాలా?

సూరత్ నగరపాలక సంస్థకు తెలుగు మాధ్యమం బడులున్నాయి. వాటికి టీచర్లు ఈ బస్తీల నుంచే ఎందుకు రాకూడదు? వీలైనంతవరకు మాతృభాషలో చదువు చెప్పాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద సామాజిక బాధ్యత నిధులను చదువుకు ఖర్చు పెట్టవచ్చు. కాబట్టి మేము అడిగేవి మూడు. ఆ నిధులతో హజీరాలో కమ్యూనిటీ కాలేజీ పెట్టాలి. అందులో చదివినవాళ్లకు డి.ఎల్.ఎడ్.లో సీట్లు, టెట్ శిక్షణ, చదివినన్నాళ్లూ భృతి ఇవ్వాలి. వలస దళితుల రిజర్వేషన్‌కు పార్లమెంటు దారి చూపాలి.

బాబాసాహెబ్ 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచింది దయ కోసం చేయి చాపడానికి కాదు. మనమూ దయ అడగడం లేదు. బడిలో మన పిల్లల ముందు నిలబడే చోటు అడుగుతున్నాం.

జై భీమ్!