ములాఖత్‌ గదిలో అమ్మనుడికి చోటేది?

భాషాహక్కు అనగానే మనకు బడి గుర్తుకు వస్తుంది. ఆ తరువాత ప్రభుత్వ కార్యాలయం, దుకాణాల మీది నామఫలకం. పొరుగు రాష్ట్రాల తెలుగువారి గురించి మన సభల్లో చేసే తీర్మానాలన్నీ దాదాపు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంటాయి. అవి ముఖ్యమైనవే, కాదనను. అయితే మన ఉద్యమం ఇంతవరకు తొంగి చూడని చోటు ఒకటి ఉన్నది. అది కారాగారపు ములాఖత్‌ గది. మనిషికి తన మాట తప్ప మరేదీ మిగలని ఆ చోట అమ్మనుడి స్థానమేమిటో, బెంగళూరులో న్యాయవాదిగా పనిచేస్తున్న నాకు తెలిసినంతలో పాఠకుల ముందు ఉంచుతాను.

2011 జనగణన ప్రకారం కర్ణాటక జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు 5.84 శాతం. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో, పావగడ ప్రాంతంలో పల్లెలకు పల్లెలే తెలుగు పలుకుతాయి. వీరుగాక హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపుల నుంచి పనుల కోసం బెంగళూరు చేరినవారు లెక్కకు మిక్కిలి. ఇంతమంది ఉన్న నగరంలో కొందరు నేరారోపణకు గురై పరప్పన అగ్రహారం కేంద్ర కారాగారానికి చేరడం సహజమే. వారిని చూడటానికి తల్లి, భార్య, బిడ్డలు తెల్లవారుజామున బస్సెక్కి వస్తారు. దేశంలోని ఖైదీలలో 75.8 శాతం మంది విచారణలో ఉన్నవారేనని జాతీయ నేర నమోదు సంస్థ 2022 లెక్కలు చెబుతున్నాయి. అంటే, ములాఖత్‌ కోసం వరుసలో నిలబడే కుటుంబాలలో నాలుగింట మూడు వంతులు, నేరం ఇంకా రుజువు కాని మనుషుల కుటుంబాలు.

ములాఖత్‌ నియమాల మూలం 1894 నాటి కారాగారాల చట్టంలో ఉంది. కర్ణాటక 1963లో తనకంటూ వేరే చట్టం చేసుకున్నా, ఆ పాత చట్టపు నీడ నుంచి పూర్తిగా బయటపడలేదు. విచారణ ఖైదీ తన న్యాయవాదితో మూడో మనిషి లేకుండా మాట్లాడుకోవచ్చునని 1894 చట్టమే అంగీకరించింది. కుటుంబానికి మాత్రం ఆ వెసులుబాటు దక్కలేదు. పాత జైలు మాన్యువళ్లు చాలావాటిలో కుటుంబంతో జరిగే సంభాషణ అధికారి కంటికి కనిపించాలి, చెవికి వినిపించాలి. చిక్కంతా ఈ వినిపించడంలోనే ఉన్నది. వినిపించినా అర్థం కాకపోతే ఏం చేయాలి? నేను చదివిన నియమాలలో తెలుగులో మాట్లాడరాదని ఎక్కడా లేదు. మాట్లాడవచ్చునని కూడా లేదు. ఆ మౌనాన్ని ద్వారం దగ్గర ఎవరు విధుల్లో ఉంటే వారు తమకు తోచిన విధంగా పూరిస్తారు.

కొన్నేళ్ల కిందట నా కక్షిదారు ఒకరి తల్లికి ఎదురైన అనుభవం చెబుతాను. ఏ జైలన్నది ఇక్కడ ముఖ్యం కాదు. బాగేపల్లి దగ్గరి పల్లె ఆమెది. జాలీ అవతల ఉన్న కొడుకును ఇంటి సంగతులు అడుగుతుండగా, కాపలా ఉద్యోగి అడ్డుపడి తనకు అర్థమయ్యేలా కన్నడలో మాట్లాడమన్నాడు. సంతలో బేరమాడేటంత కన్నడం ఆమెకు వచ్చును. కడుపులోని దుఃఖం చెప్పుకునేటంత రాదు. “నా కొడుకుతో నా మాటలోనే కదప్పా మాట్లాడేది!” అన్నదట. మిగిలిన సమయమంతా తల్లీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకొని కూర్చున్నారు. ఆ రోజు ఆమె చెప్పవలసిన మాట, జామీనుకు నిలబడతానన్న బంధువు వెనక్కి తగ్గాడన్నది. అది కొడుక్కి చేరకపోవడంతో, మరో పేరు చెప్పడానికి అతనికి అవకాశం లేక జామీను ఆలస్యమైంది. భాష దొరకక పోయిన ఆ కొద్ది నిమిషాల విలువ ఒక మనిషి స్వేచ్ఛలో కొన్ని వారాలు.

ఇందులో ఆ ఉద్యోగినే దోషిగా నిలబెట్టడం సమంజసం కాదు. ఒకే గదిలో పదుల మంది ఒక్కసారిగా కేకలు వేస్తూ మాట్లాడుతుంటే విని గమనించవలసిన బాధ్యత అతని మీద పెట్టారు. లోపలికి ఫోన్లు, గంజాయి చేరితే మొదట సంజాయిషీ ఇచ్చుకోవలసినవాడు కూడా అతడే. అర్థంకాని భాష అతనికి అనుమానంగా వినిపించడంలో వింత లేదు. అలాగే, తెలుగు ఎరిగిన ఉద్యోగులు బెంగళూరులో కరువేమీ కాదు. “ఏమ్మా, ఎక్కడినుంచి వస్తివి?” అని ఆదరంగా అడిగి, కాగితం నింపిపెట్టే వార్డర్లను నేను చూశాను. అటువంటివారు ఎదురైన రోజు ఆ కుటుంబానికి పండుగే. కానీ తల్లి తన బిడ్డతో మాట్లాడుకోవడం ఆ పూట ఎవరికి డ్యూటీ పడిందన్న దానిమీద ఆధారపడవచ్చునా? మంచివాడు దొరికితే దయ, దొరకకపోతే ఖర్మ అనుకొని సరిపెట్టుకోవడానికి ఇది సత్రవు కాదు, రాజ్యాంగానికి లోబడి నడవవలసిన సంస్థ.

న్యాయస్థానాలు ఈ విషయంలో మనకు గట్టి పునాదినే వేశాయి. సునీల్‌ బత్రా రెండవ కేసులో 1979 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆత్మీయుల రాకపోకలు ఖైదీకి ఎంత అవసరమో గుర్తించింది. ఖైదీల హక్కులను తెలిపే చేతిపుస్తకం హిందీలో తయారుచేసి పంచాలని కూడా ఆదేశించింది. అది ఢిల్లీ జైలు కాబట్టి హిందీ. ఖైదీకి అర్థమయ్యే భాషలో అన్నదే అందులోని సారం. 1981 జనవరిలో ఫ్రాన్సిస్‌ కొరాలీ ములిన్‌ కేసులో, కుటుంబంతోనూ న్యాయవాదితోనూ కలిసి మాట్లాడటం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పి, నెలకు ఒక్కసారే కుటుంబాన్ని చూడాలన్న నిబంధనను కొట్టివేసింది. 1983లో షీలా బర్సే కేసులో, అరెస్టయినవారి హక్కుల పట్టికను మరాఠీ, హిందీ, ఇంగ్లీషు భాషల్లో ప్రతి పోలీసు లాకప్‌ గదిలోనూ అతికించాలన్నది. వీటన్నిటికంటే ముందే, 1962లో హరికిషన్‌ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఒక మౌలిక సూత్రం చెప్పింది. హిందీ మాత్రమే తెలిసిన నిర్బంధితుడికి కారణాలను ఇంగ్లీషులో ఇచ్చి, పోలీసు అధికారి నోటితో తర్జుమా చేసి వినిపించినంత మాత్రాన తెలియజేసినట్లు కాదని తేల్చి, అతడిని విడుదల చేసింది.

ములాఖత్‌లు వారానికి ఎన్ని ఉండాలన్నది వేరే చర్చ. వారానికి రెండు అన్న పరిమితిని 2023లో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. నా వాదన లెక్క గురించి కాదు. ఇచ్చిన ఆ రెండింటిలోనైనా మాట మాటగా చేరాలి గదా! మాట్లాడుకోలేని ములాఖత్‌ను రిజిస్టరులో ములాఖత్‌గా రాసుకోవడం కాగితపు న్యాయమే అవుతుంది.

మన ఉద్యమం తరచు మరచిపోయే ఆయుధం మరొకటి ఉన్నది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, ఏ వ్యక్తయినా తన ఫిర్యాదును కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా సమర్పించుకోవచ్చును. జైలు సూపరింటెండెంటు ఆ అధికారులలో ఒకరే. కాబట్టి తెలుగులో రాసిన ఫిర్యాదును తెలుగులో ఉన్నదన్న కారణంతో తిప్పి పంపే అధికారం ఎవరికీ లేదు. జిల్లా జనాభాలో 15 శాతానికి తగ్గకుండా ఉన్న భాషా అల్పసంఖ్యాకుల కోసం ముఖ్యమైన నియమాలు, ప్రకటనలు వారి భాషలోనూ ప్రచురించాలన్నది కూడా ప్రభుత్వాలు ఏనాడో ఒప్పుకున్న రక్షణ. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాలు ఆ గీతను ఎప్పుడో దాటాయి.

నియమం అందరికీ అర్థమయ్యే భాషలో గోడమీద లేనప్పుడు, అధికారి నోటిమాటే నియమమవుతుంది. ఎన్ని నిమిషాలు, ఏ వస్తువులు తేవచ్చు, ఏ గుర్తింపుకార్డు చూపాలి అన్నవి తెలియని కుటుంబం ప్రతిదానికీ బతిమాలుకోవాలి. బతిమాలుకోవడం మొదలైన చోట ధర పలకడానికి ఎంతో సేపు పట్టదు. దీనికి రెండో కొస కూడా ఉంది. 2017 జూలైలో ఆనాటి జైళ్ల డీఐజీ డి. రూప, పరప్పన అగ్రహారంలో పలుకుబడి గల ఖైదీకి ప్రత్యేక సౌకర్యాలు అందుతున్నాయని ఆరోపిస్తూ నివేదిక ఇచ్చారు. ఆరోపణలను పై అధికారి ఖండించారు. కొద్ది రోజుల్లోనే రూప బదిలీ అయ్యారు. ఆ వివాదం నుంచి మనం గ్రహించవలసింది ఒకటే. నియమం అధికారి విచక్షణలో ఉన్నంతకాలం అది బలవంతుడికి సాగుతుంది, బలహీనుడికి బిగుస్తుంది. మాటకూడా రాని బలహీనుడి సంగతి చెప్పనే అక్కరలేదు.

ములాఖత్‌ కేవలం ఓదార్పు కాదని చెప్పడానికి బెంగళూరు చరిత్రలోనే ఒక విషాదం ఉన్నది. ఎమర్జెన్సీ కాలంలో, 1976 మే నెలలో స్నేహలతారెడ్డిని అరెస్టు చేశారు. తెలుగు కవి, ‘సంస్కార’ దర్శకుడు పఠాభి సతీమణి ఆమె. నేడు ఫ్రీడమ్‌ పార్కుగా మారిన నాటి బెంగళూరు కేంద్ర కారాగారంలో, తీవ్రమైన ఉబ్బసంతో ఎనిమిది నెలలకు పైగా గడిపి, 1977 జనవరి 15న పెరోల్‌ మీద బయటికి వచ్చి, 20వ తేదీన కన్నుమూశారు. చదువు, పేరు, ఇంగ్లీషు అన్నీ ఉన్న కుటుంబమే ఆమె ప్రాణాన్ని నిలుపుకోలేకపోయింది. ఇవేవీ లేని ఖైదీకి జబ్బు చేసిందని బయటి లోకానికి తెలిసేది ఇంటివారి ద్వారానే. ఆయాసమో, గుండెల్లో మంటో, రాత్రి తగిలిన దెబ్బో తన భాషలో చెప్పుకోనిస్తేనే అది బయటపడుతుంది.

ఇది కన్నడానికి వ్యతిరేకంగా పెట్టే కోరిక కాదని స్పష్టం చేయాలి. రాష్ట్ర భాషగా కన్నడం గౌరవం కన్నడానిదే. ఇక్కడ బతికేవారు దాన్ని నేర్చుకోవలసిందే. అంతేకాదు, మన ఇంట్లోనూ ఇదే మచ్చ ఉన్నది. 2013 డిసెంబరులో శేషాచలం అడవుల్లో ఇద్దరు అటవీ అధికారుల హత్య కేసులో వందలాది తమిళ కూలీలను నిర్బంధించారు. రెండేళ్లకు పైగా తెలుగునేల జైళ్లలో మగ్గిన తరువాత, 2016 జూలైలో తిరుపతి న్యాయస్థానం వారిని నిర్దోషులుగా ప్రకటించింది. తమిళం మాట్లాడే ఆ ఇళ్లవారు మన జైళ్ల ద్వారాల దగ్గర ఏ భాషలో మొరపెట్టుకున్నారో మనం అడిగామా? బెంగళూరులో మనకు కావాలనుకునే హక్కు, నెల్లూరులో, కడపలో తమిళునికీ కన్నడిగునికీ దక్కినప్పుడే మన గొంతుకు నైతిక బలం వస్తుంది.

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాలు, ఖైదీలలో అత్యధికులు మాట్లాడే, లేదా వారికి అర్థమయ్యే భాష జైలు సిబ్బందిలో ఎక్కువమందికి వచ్చి ఉండాలని, అవసరమైనప్పుడు దుబాసీని ఏర్పాటు చేయాలని చెబుతున్నాయి. కేంద్ర హోంశాఖ 2023లో నమూనా కారాగార, దిద్దుబాటు సేవల చట్టాన్ని రూపొందించి రాష్ట్రాలకు పంపింది. పాత చట్టాలను తిరగరాసే ఇటువంటి సందర్భంలోనే భాష గురించి ఒక వాక్యం చేర్పించుకోవాలి.

మనం అడగవలసినవి నాలుగే. ఖైదీ, అతని కుటుంబం తమ భాషలో మాట్లాడుకోవడం హక్కు అనీ, అధికారికి ఆ భాష రాకపోవడం ములాఖత్‌ను ఆపడానికి కారణం కారాదనీ నియమాలలో రాయాలి. రాతపూర్వకమైన ప్రత్యేక కారణం లేనప్పుడు అధికారి కంటికి కనిపించే దూరంలో ఉంటే చాలు, చెవికి వినిపించనవసరం లేదు. ములాఖత్‌ నియమాల పట్టికను కన్నడంతోపాటు తెలుగు, తమిళం, ఉర్దూ భాషల్లోనూ ద్వారం వద్ద పెట్టాలి. ఏ భాషలో ఫిర్యాదు ఇచ్చినా తీసుకొని రసీదు ఇవ్వాలి.

వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. బెంగళూరులోని తెలుగు సంఘాలు ఉగాది కవిసమ్మేళనాలకు చూపే శ్రద్ధలో కొంత ఇటు మళ్లించి, నియమాల అనువాదాన్ని తామే చేసి జైళ్ల శాఖకు అందించవచ్చు. తెలుగు న్యాయవాదులం వారానికొక పూట ములాఖత్‌ వరుస దగ్గర కూర్చొని అర్జీలు రాసిపెట్టవచ్చు. ఎవరైనా ఆ అర్జీని తెలుగులో ఉన్నదని నిరాకరిస్తే, ఆ నిరాకరణను కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. 350వ అధికరణాన్ని పేర్కొంటూ హైకోర్టు మెట్లెక్కడానికి ఆ ఒక్క కాగితం చాలు.